సీఎస్ 2 వదిలి వాలరెంట్‌కు మారడం: సెన్స్, సెక్యూర్ బూట్, స్కిన్‌లు, రీజియన్

గోదారి_గన్నర్

ఐదుగురం ఏళ్లుగా కలిసి సీఎస్ (కౌంటర్-స్ట్రైక్) ఆడుతున్నాం. ఇప్పుడు జట్టు మొత్తం రయట్ వాళ్ల షూటింగ్ గేమ్ వాలరెంట్‌కు మారదామని ఆలోచన. ముగ్గురు హైదరాబాద్‌లో, ఒకరు రాజమండ్రిలో, ఒకరు డల్లాస్‌లో ఉంటారు.

నా సెటప్: 800 డీపీఐ (మౌస్ అంగుళం జరిగితే పంపే కౌంట్లు), సీఎస్ సెన్స్ (సెన్సిటివిటీ) 1.2, 4:3 స్ట్రెచ్డ్ (సాగదీసిన బొమ్మ). విండోస్ 11 ఉంది కానీ పాత విండోస్ 10 మీద అప్‌గ్రేడ్ చేసింది, డిస్క్ ఇంకా ఎంబీఆర్ అనే పాత పద్ధతిలోనే ఉంది. ఇన్వెంటరీలో ఒక కత్తి, కొన్ని స్కిన్‌లు (తుపాకుల అలంకారాలు) ఉన్నాయి.

ఏజెంట్ల (వాలరెంట్‌లో ఆడే పాత్రల) గైడ్లు బోలెడు దొరుకుతున్నాయి, అవి వద్దు. సీఎస్ చేతులతో వెళ్లేవాడికి ఎక్కడ తేడా కొడుతుంది, ముందే ఏం సర్దుకోవాలి, అది చెప్పండి.

స్ప్రే_శాస్త్రి

సెన్స్‌తో మొదలుపెడదాం. పక్కా లెక్క ఉన్నది దీనికే.

మౌస్ ఒక కౌంట్ కదిలితే సెన్స్ 1 దగ్గర సీఎస్‌లో 0.022 డిగ్రీలు తిరుగుతాం, వాలరెంట్‌లో 0.07 డిగ్రీలు. అంటే 3.18 రెట్లు. మీ సీఎస్ సెన్స్‌ను 3.18తో భాగించండి. 1.2 అయితే 0.377 వస్తుంది. డీపీఐ 800 అలాగే ఉంచండి. సరిచూసుకోవడం తేలిక: గోడ మీద ఏదో ఒక గుర్తుకు క్రాస్‌హెయిర్ పెట్టి, ఒక పూర్తి చుట్టు తిరిగి మళ్లీ అక్కడికే రండి. రెండు గేముల్లోనూ మౌస్ దాదాపు 43 సెంటీమీటర్లు జరగాలి. తేడా వస్తే సెన్స్ మార్చకండి, ముందు మౌస్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూడండి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు గేమ్‌కో ప్రొఫైల్ పెట్టి డీపీఐని వాటంతటవే మార్చేస్తాయి.

మిమ్మల్ని అసలు ఇబ్బంది పెట్టేది సెన్స్ కాదు, 4:3 స్ట్రెచ్డ్. సీఎస్‌లో 4:3 పెట్టుకుంటే అడ్డంగా 90 డిగ్రీలే కనిపిస్తుంది, ఆ బొమ్మను వెడల్పాటి స్క్రీన్ మీదకు లాగడం వల్ల తలలు మూడో వంతు లావుగా కనిపిస్తాయి. వాలరెంట్‌లో ఫీల్డ్ ఆఫ్ వ్యూ 103 డిగ్రీలకు బిగించేశారు. రిజల్యూషన్ మార్చినా మనుషులు లావెక్కరు, స్క్రీన్ మీద అక్షరాలూ మ్యాప్ మాత్రం సాగుతాయి. "సెన్స్ సరిగ్గా మార్చాను, అయినా గురి కుదరట్లేదు" అనేవాళ్లలో చాలామంది 4:3 నుంచి వచ్చినవాళ్లే.

కాబట్టి మారే ముందు ఒక వారం సీఎస్‌నే 16:9లో ఆడండి. అందులో 106 డిగ్రీలు కనిపిస్తుంది, వాలరెంట్‌కు చాలా దగ్గర. రెండు మార్పులూ ఒకేసారి మీద పడితే తప్పు ఎక్కడుందో తెలుసుకోలేరు.

మిడ్_విండో

శాస్త్రిగారు చెప్పింది కంటికి సంబంధించింది. వేళ్ల సంగతి నేను చెప్తాను.

సీఎస్‌లో కుడికి పరిగెడుతూ డీ కీ వదిలితే జారుతూ ఆగుతాం, అందుకే ఎదురు కీ కొట్టి ఆపుతాం. వాలరెంట్‌లో కీ వదిలితే చాలు, దాదాపు వెంటనే ఆగుతుంది. ఎదురు కీ కొట్టే అలవాటు వల్ల పెద్ద నష్టం లేదు గానీ, దాన్ని కాస్త ఎక్కువసేపు నొక్కితే అటువైపు నడక మొదలై తూటా దారి తప్పుతుంది. రేంజ్‌లో (సాధన చోట) బాట్‌ల (కంప్యూటర్ బొమ్మల) ముందు నిలబడి, కీ వదలడం, ఒక్క తూటా, మళ్లీ కదలడం, ఇదొక్కటే రోజూ 10 నిమిషాలు చెయ్యండి. షిఫ్ట్ పట్టుకుని నడుస్తూ కాల్చడం కూడా వద్దు, ఆ నడకలోనూ గురి చెదురుతుంది.

స్ప్రే (ఆపకుండా వరసగా కాల్చడం) విషయంలో ఇంకా పెద్ద తేడా ఉంది. సీఎస్‌లో ఏకే స్ప్రే ప్రతిసారీ ఒకే దారిలో వెళ్తుంది, ఆ దారి చేతికి వచ్చేస్తే 15వ తూటాను కూడా మనమే నడిపించవచ్చు. వాలరెంట్ రైఫిళ్లు మొదటి కొన్ని తూటాలు నిలువుగా పైకి లేస్తాయి. ఆ తర్వాత ఎడమకు ఊగుతాయో కుడికి ఊగుతాయో ముందే చెప్పలేం. బట్టీ పట్టడానికి అక్కడ ఏమీ లేదు. దూరంలో ఒకటి రెండు తూటాలు, మధ్యదూరంలో మూడు నాలుగు, ఆ వెంటనే ఒక అడుగు పక్కకు జరగాలి. 12 తూటాలు దాటి పట్టుకోవడం దగ్గర యుద్ధంలోనే పనికొస్తుంది.

ఒక తూటా తగిలిందంటే కాళ్లు బాగా నెమ్మదిస్తాయి. మూల దాటి బయటకొచ్చి, తగిలాక వెనక్కి దూరిపోదాం అనుకుంటే కుదరదు. సీఎస్ కన్నా ఇక్కడ ఆ శిక్ష గట్టిగా ఉంటుంది.

స్ప్రే_శాస్త్రి

దీనికి తుపాకీ ఎంపిక కూడా కలపాలి. ఏకే నుంచి వచ్చినవాళ్లకు వ్యాండల్ రైఫిల్ నప్పుతుంది: తలకు తగిలితే ఎంత దూరమైనా 160 నష్టం, శరీరానికి 40. పూర్తి షీల్డ్ ఉన్నవాడి ప్రాణం మొత్తం 150 కాబట్టి ఒక్క తూటా చాలు. ఇంకో రైఫిల్ ఫాంటమ్ తలకు 156 ఇచ్చేది దగ్గర దూరంలోనే, ఆపైన పడిపోతుంది. అయితే ఫాంటమ్‌లో 30 తూటాలు, వ్యాండల్‌లో 25. పైగా ఫాంటమ్ తూటాల దారి ఎదుటివాడికి కనిపించదు కాబట్టి పొగలోంచి కాల్చడానికి అదే మేలు. రెండిటి ధరా గేమ్ డబ్బులో 2900.

రైట్ క్లిక్ జూమ్ అలవాటు చేసుకోకండి. 1.25 రెట్లు దగ్గరగా చూపిస్తుంది గానీ కాల్చే వేగం తగ్గుతుంది. చాలా దూరాలకే వాడండి.

ఎకో_రౌండ్

డబ్బు దగ్గర సీఎస్ బుర్ర నేరుగా తప్పుదారి పట్టిస్తుంది, మెల్లగా చదవండి.

రెండిటిలోనూ 800తో మొదలు. సీఎస్‌లో గరిష్ఠం 16000, వాలరెంట్‌లో 9000. అంటే డబ్బు పోగేసి జట్టంతటికీ కొనిపెట్టే ధనవంతుడి పాత్ర ఇక్కడ చిన్నది.

గెలిస్తే 3000. ఓడితే మొదటిసారి 1900, వరసగా రెండోసారి 2400, మూడోసారి నుంచి 2900. సీఎస్‌లో ఓటమి బోనస్ 1400 నుంచి మొదలై మెట్టు మెట్టుగా 3400 దాకా వెళ్తుంది, కాబట్టి అక్కడ గెలుపుల తర్వాత ఓడితే బాగా నలిగిపోతాం. వాలరెంట్‌లో ఆ నలుగుడు తక్కువ.

ఎక్కువమంది పడే గొయ్యి ఇది: సీఎస్‌లో చాలా ఎస్ఎంజీలతో (చిన్న ఆటోమేటిక్ తుపాకులు) చంపితే 600 వస్తుంది, ఏడబ్ల్యూపీ స్నైపర్‌తో 100. అందుకే గెలుస్తున్న రౌండ్లలో ఎస్ఎంజీ కొని డబ్బు పిండుకుంటారు. వాలరెంట్‌లో ఏ తుపాకీతో చంపినా 200 మాత్రమే. 1600 పెట్టి స్పెక్టర్ ఎస్ఎంజీ కొంటే అది ఆ రౌండు గెలవడానికే, డబ్బు కోసం కాదు. అలాగే 4700 పెట్టి కొన్న ఆపరేటర్ స్నైపర్‌తో చంపినా 200 వస్తుంది కాబట్టి, ఏడబ్ల్యూపీ పట్టేవాళ్లకు సీఎస్‌లో ఉన్న ఆ లోటు ఇక్కడ లేదు.

గుర్తుంచుకోవాల్సిన అంకె 3900: రైఫిల్ 2900, బరువు (పూర్తి) షీల్డ్ 1000. దానిమీద ఏజెంట్ సామర్థ్యాలకు కొన్ని వందలు పెట్టుకోండి. కొనే స్క్రీన్‌లోనే వచ్చే రౌండుకు కనీసం ఎంత చేతిలో ఉంటుందో చూపిస్తుంది. అది 3900 కన్నా తక్కువ చూపిస్తే, ఈ రౌండు ఏదైనా కొనాలా అన్నది ఐదుగురూ కలిసి తేల్చుకోవాలి.

ఇంకో సంగతి. దాడివైపు ఓడిపోయి, స్పైక్ (ఇక్కడి బాంబు) పెట్టకుండా, ప్రాణాలతో మిగిలితే ఆ రౌండుకు 1000 మాత్రమే ఇస్తారు. తుపాకీ దాచుకోవడం లాభమా కాదా అన్నది ఈ లెక్కతో చూసుకోవాలి. చేతిలో వ్యాండల్ ఉంటే దాచుకోండి, షెరిఫ్ పిస్టల్ ఉంటే అనవసరం.

మిడ్_విండో

ఎకో_రౌండ్ చెప్పినదానికి తోడు, బాంబు పెట్టాక జరిగేది.

సీఎస్‌లో బాంబు 40 సెకన్లు, కిట్ లేకుండా డిఫ్యూజ్ 10, 400 పెట్టి కిట్ కొంటే 5. మధ్యలో వదిలేస్తే మళ్లీ మొదటికే. వాలరెంట్‌లో స్పైక్ 45 సెకన్లు, డిఫ్యూజ్ 7, కిట్ లేదు. సగం, అంటే 3.5 సెకన్లు పూర్తయ్యాక వదిలేసినా ఆ సగం నిలిచిపోతుంది. కాబట్టి డిఫ్యూజ్ శబ్దం విని "ఉత్తుత్తిదే" అని ఊరుకున్నారంటే తర్వాత 3.5 సెకన్లలో పని అయిపోతుంది. సగం అయ్యిందో లేదో మనసులో లెక్కపెట్టుకోవడం సీఎస్ వాళ్లకు కొత్త అలవాటు, పట్టుబట్టి నేర్చుకోండి.

రౌండు కూడా పొట్టిది: సీఎస్ 1:55, ఇక్కడ 1:40. చివరిదాకా నక్కి వెనకనుంచి వచ్చే లర్కర్ 15 సెకన్లు ముందే కదలాలి.

సీఎస్ 2లో పొగను తూటాలూ గ్రెనేడూ చెదరగొడతాయి, ఒక్క క్షణం కిటికీ తెరుచుకుంటుంది. వాలరెంట్ పొగ అలా చెదరదు. పొగలోకి గ్రెనేడ్ వేసి చూద్దాం అన్న ఆట మానెయ్యండి.

బూట్‌లోడర్

గోదారి అన్నా, ఎంబీఆర్ డిస్క్ అన్నారు కదా, గేమ్ డౌన్‌లోడ్ చెయ్యకముందే ఈ పని అవ్వాలి. విండోస్ 11 మీద వ్యాన్‌గార్డ్‌కు (వాలరెంట్‌లో మోసాలను అడ్డుకునే సాఫ్ట్‌వేర్) టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (సంతకమున్న సాఫ్ట్‌వేర్‌తోనే పీసీని లేవనిచ్చే సెట్టింగ్) రెండూ కావాలి. లేకపోతే వ్యాన్ 9001 లేదా వ్యాన్ 9003 అని ఎర్రర్ వస్తుంది. చాలామంది అప్పుడు గేమ్ తీసేసి మళ్లీ వేస్తారు. దానివల్ల ఏమీ మారదు, తప్పు బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఉంది.

క్రమం తప్పకుండా చెయ్యండి.

ముందుగా స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరవండి. బయాస్ మోడ్ దగ్గర లెగసీ అని ఉంటే డిస్క్ మార్చాల్సిందే. యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) అని ఉంటే నేరుగా సెక్యూర్ బూట్ దగ్గరకు వెళ్లొచ్చు.

ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి తీసుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌కు వేసే తాళం) ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా ఆపండి. ఈ మెట్టు దాటేస్తే టీపీఎం మారిన వెంటనే విండోస్ ఆ కీ అడుగుతుంది, అది లేకపోతే డేటా పోయినట్టే.

తర్వాత అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, విండోస్‌లోనే ఉన్న, డిస్క్‌ను కొత్త జీపీటీ పద్ధతికి మార్చే ఎంబీఆర్2జీపీటీ టూల్‌ను ముందు వాలిడేట్‌తో, అది సరే అన్నాకే కన్వర్ట్‌తో నడపండి. రెండుసార్లూ అలో ఫుల్ ఓఎస్ అన్న స్విచ్ తప్పనిసరి. డిస్క్ మీద ప్రైమరీ పార్టిషన్లు మూడు దాటితే వాలిడేట్ దగ్గరే ఆగిపోతుంది. అలా ఆగితే ఒక పార్టిషన్ ఖాళీ చేసి తీసెయ్యాలి.

కన్వర్ట్ అయ్యాకే బయాస్‌లోకి వెళ్లి సీఎస్ఎం (పాత బూట్ పద్ధతికి మద్దతు) ఆపండి. ముందే ఆపితే విండోస్ లేవదు, తిరిగి బయాస్‌లోకే వచ్చి పడతారు. కంగారు పడొద్దు, సీఎస్ఎం మళ్లీ ఆన్ చేస్తే మామూలుగా లేస్తుంది. బాగా పాత గ్రాఫిక్స్ కార్డులకు యూఈఎఫ్ఐ మద్దతు లేకపోతే సీఎస్ఎం ఆపాక తెర నల్లగానే ఉంటుంది. అలాంటి కార్డయితే ఈ దారి మూసుకుపోయినట్టే.

ఆ తర్వాత టీపీఎం: ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం, ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అన్న పేరుతో ఉంటుంది. చివరగా సెక్యూర్ బూట్ ఆన్ చెయ్యండి. ఆన్ చేసినా సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో ఆఫ్ అనే చూపిస్తుంటే కీలు లోడ్ కాలేదని అర్థం. బయాస్‌లో డిఫాల్ట్ కీలు ఇన్‌స్టాల్ చేసే వరస ఉంటుంది, అది నొక్కి సేవ్ చెయ్యండి.

పాత రైజెన్ బోర్డుల మీద ఎఫ్‌టీపీఎం ఆన్ చేస్తే అప్పుడప్పుడూ గేమ్ ఒక్క క్షణం ఆగే జబ్బు ఉండేది. 2022లో వచ్చిన బయాస్ అప్‌డేట్లతో పోయింది. బయాస్ అంతకన్నా పాతదైతే ముందు దాన్ని అప్‌డేట్ చెయ్యండి.

విశాఖ_వ్యాండల్

బూట్‌లోడర్ బ్రో, వ్యాన్‌గార్డ్ విండోస్‌తోపాటే లేస్తుంది కదా. ఆడనప్పుడు ఆపుకోవచ్చా? లినక్స్ మీద దారేమైనా ఉందా?

బూట్‌లోడర్

కింద ట్రే గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ఎగ్జిట్ కొడితే ఆగిపోతుంది. కానీ మళ్లీ ఆడాలంటే పీసీ రీస్టార్ట్ చెయ్యాల్సిందే, ఎందుకంటే బూట్ మొదటినుంచీ అది కాపలా ఉంటేనే గేమ్ ఒప్పుకుంటుంది. ఫ్యాన్, ఆర్‌జీబీ లైట్ల పాత సాఫ్ట్‌వేర్ డ్రైవర్లలో లోపాలున్నవాటిని అడ్డుకుంటుంది కూడా. ఇన్‌స్టాల్ చేశాక లైట్లు పనిచెయ్యకపోతే ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేసుకోండి.

లినక్స్ మీద వాలరెంట్ లేదు, స్టీమ్ డెక్ మీదా లేదు. సీఎస్ 2 లినక్స్ మీద నేరుగా నడుస్తుంది. లినక్స్ ఒక్కటే వాడేవాళ్లు ఈ మార్పు గురించి ఆలోచించక్కర్లేదని నా అభిప్రాయం. డ్యూయల్ బూట్ అయితే సెక్యూర్ బూట్ ఆన్ చేశాక లినక్స్‌లో ఎన్‌విడియా డ్రైవర్‌కు సంతకం చేసుకోవాలి, లేకపోతే అది లోడ్ కాదు.

కెర్నెల్ స్థాయి (విండోస్ లోపలి పొరల్లో నడిచేది) అన్న భయంతోనే వద్దనుకుంటే ఒక మాట: ఫేసిట్ అనే బయటి మ్యాచ్ వేదికలో సీఎస్ ఆడుతున్నవాళ్ల పీసీలో ఇప్పటికే అలాంటి డ్రైవర్ ఉంది. తేడా ఏమిటంటే సీఎస్‌లోనే ఉండే ప్రీమియర్ మ్యాచ్‌లు ఆడాలంటే అది అక్కర్లేదు, వాలరెంట్‌లో మామూలు మ్యాచ్‌కు కూడా తప్పదు.

డల్లాస్_డిఫ్యూజర్

అందరూ గురి, డబ్బు, బూట్ అంటున్నారు. గోదారి అన్నా, మీ జట్టును తేల్చేది ఇవేవీ కావు. మీ ఐదో మనిషి డల్లాస్‌లో ఉన్నాడు. అదే మీ అసలు చిక్కు.

సీఎస్‌లో ప్రపంచంలో ఎక్కడున్నా ఒకే లాబీలో చేరొచ్చు, పింగ్ (సర్వర్‌కు వెళ్లొచ్చే ఆలస్యం) భరించగలిగితే చాలు. వాలరెంట్ ఖాతా రీజియన్‌కు కట్టుబడి ఉంటుంది. ఇండియా ఖాతాలు ఆసియా పసిఫిక్‌లో, అమెరికా ఖాతాలు నార్త్ అమెరికాలో. రెండు రీజియన్ల వాళ్లు ఒకే మ్యాచ్‌లో ఉండలేరు. కస్టమ్ గేమ్‌లో కూడా కుదరదు.

మిగిలిన నలుగురం ఆడుకుంటాం అందామా? కాంపిటీటివ్‌లో (ర్యాంకు మ్యాచ్‌ల్లో) ఒక్కరు, ఇద్దరు, ముగ్గురు, ఐదుగురు వెళ్లొచ్చు, నలుగురు వెళ్లడానికి వీల్లేదు. ఐదో స్థానంలో ఒంటరిగా పడే కొత్తవాడు నలిగిపోతాడని ఆ నియమం. అన్‌రేటెడ్‌లో నలుగురైనా సరే.

ఆ డల్లాస్ స్నేహితుడికి ఇండియాలో ఉన్నప్పుడు తెరిచిన ఖాతా ఉంటే, రీజియన్ మార్చమని అడగకుండా ఉన్నంతవరకు అది ఆసియా పసిఫిక్‌లోనే ఉంటుంది, దానితో మీతో ఆడొచ్చు. కానీ ముంబై సర్వర్‌కు అక్కడినుంచి 200 మిల్లీసెకన్లు దాటుతుంది. ఆ పింగ్‌తో డ్యుయలిస్ట్ (ముందు దూకి కొట్లాడే పాత్ర) వద్దు, మూల కాపలా వద్దు. బ్రిమ్‌స్టోన్ లేదా ఓమెన్ పాత్ర ఇచ్చి పొగలు వేయించండి, అవి దూరం నుంచే చోటు గుర్తుపెట్టి వేసేవి కాబట్టి ఆలస్యం అంతగా బాధించదు. వీపీఎన్ పెట్టి కొత్తగా ఇండియా ఖాతా తెరిచే పని మాత్రం చెయ్యొద్దు, ఖాతాకే ఎసరు.

గోదారి_గన్నర్

నలుగురు వెళ్లకూడదన్న నియమం మాకెవరికీ తెలీదు. అతనికి పాత ఖాతా లేదు. అలాగైతే ఐదుగురం కలిసే రోజు సీఎస్, మిగతా రోజుల్లో ముగ్గురం వాలరెంట్, ఇలా పెట్టుకోవాలేమో. మరి స్కిన్‌లు?

విశాఖ_వ్యాండల్

అన్నా, ఐదుగురు కలిసేది సీఎస్‌లోనే అన్నప్పుడు ఇన్వెంటరీ అమ్మడానికి తొందర లేదు. అయినా లెక్క తెలిసుండాలి.

స్టీమ్ మార్కెట్‌లో అమ్మితే మొత్తం 15 శాతం రుసుము: స్టీమ్‌కు 5, సీఎస్‌కు 10. కొనేవాడు 1150 రూపాయలు కడితే మీకు 1000 వస్తుంది. ఆ డబ్బు స్టీమ్ వాలెట్‌లోనే ఉంటుంది, బ్యాంకుకు రాదు, వాలరెంట్ పాయింట్లకూ పనికిరాదు. స్టీమ్‌లో వేరే గేములు కొనే ఉద్దేశం ఉంటేనే అర్థముంది.

మొబైల్ అథెంటికేటర్ లేకపోతే అమ్మకానికి పెట్టినవి, ట్రేడ్ చేసినవి 15 రోజుల దాకా ఆగిపోతాయి. అమ్మాలని తేల్చుకోకముందే అది ఆన్ చేసి ఉంచండి.

బయటి సైట్లలో నగదుకు అమ్మేవాళ్లకు పెద్ద ప్రమాదం దొంగ లాగిన్ పేజీ. అచ్చం స్టీమ్‌లాగే ఉండే పేజీలో పాస్‌వర్డ్ కొడితే, వాళ్లు మీ పేరుమీద ఏపీఐ కీ (బయటి ప్రోగ్రామ్ మీ ఖాతాను వాడుకునే తాళం) తయారుచేస్తారు. తర్వాత మీరు పంపే అసలు ట్రేడ్‌ను రద్దు చేసి, అదే బొమ్మ, అదే పేరుతో ఇంకో ఖాతా నుంచి ట్రేడ్ పంపుతారు. ఫోన్‌లో ఒప్పుకునే ముందు అవతలి ఖాతా స్టీమ్‌లో చేరిన తేదీ, లెవెల్ చూడండి. మీరు ఎప్పుడూ ఏపీఐ కీ తీసుకోకపోయినా ఖాతాలో ఒకటి కనిపిస్తే వెంటనే రద్దు చేసి, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేసి, పాస్‌వర్డ్ మార్చండి.

కత్తిని పొదుపు సొమ్ములా చూడకండి. 2025 అక్టోబర్‌లో ఐదు కోవర్ట్ (ఎర్ర రంగు శ్రేణి) స్కిన్‌లు కలిపి కత్తి లేదా గ్లోవ్స్ చేసుకునే వీలు వాల్వ్ ఇవ్వగానే కత్తుల ధరలు ఒక్కసారిగా పడ్డాయి, ఎర్ర స్కిన్‌ల ధరలు ఎగిశాయి. ఒక్క అప్‌డేట్‌తో తారుమారయ్యే విలువ అది.

వాలరెంట్ స్కిన్‌లకైతే ఆ కాస్త విలువ కూడా లేదు. అమ్మలేం, మార్చుకోలేం, ఖాతాతోనే ఉండిపోతాయి. మొదటి రెండు మూడు నెలలు ఒక్క రూపాయి కూడా పెట్టొద్దని నా గట్టి సలహా.

ఎకో_రౌండ్

దీనికి నాదీ ఒకటే మాట, ఏజెంట్లకూ డబ్బు కట్టకండి. జెట్, ఫీనిక్స్, సేజ్, సోవా, బ్రిమ్‌స్టోన్ మొదటినుంచీ ఉంటారు. మిగతావాళ్లను ఆడి సంపాదించే కింగ్‌డమ్ క్రెడిట్లతో ఒక్కొక్కరు 8000 చొప్పున తెరవొచ్చు. సీఎస్ వాళ్లు ముందు కేఓను తెరవండి. అతని దగ్గర విసిరే ఫ్లాష్ ఉంది, పేలే గ్రెనేడ్ ఉంది, గోడకు కొట్టి మూల దాటించే లెక్కలు మీకు వచ్చినవే. కాంపిటీటివ్ తెరుచుకోవడానికి ఖాతా లెవెల్ 20 రావాలి కాబట్టి అంతవరకు ఎలాగూ సమయం ఉంది.

మిడ్_విండో

రాజమండ్రి తమ్ముడి గురించి ఎవరూ అనలేదు. సీఎస్‌కు ఇండియాలో ముంబైతోపాటు చెన్నై సర్వర్ కూడా ఉంది, కోస్తా వాళ్లకు అది దగ్గర. వాలరెంట్‌కు ముంబై ఒక్కటే. పింగ్ కొంచెం పెరిగితే ఫర్వాలేదు, నిలకడగా ఉండాలి. స్టాట్స్‌లో నెట్‌వర్క్ ఆర్‌టీటీ (పింగ్), ప్యాకెట్ లాస్ (దారిలో పోయే డేటా) గ్రాఫ్‌లు ఆన్ చేసి మూడు మ్యాచ్‌లు చూడమనండి. ఇంట్లో ఎవరో వీడియో పెట్టినప్పుడే పింగ్ ఎగురుతుంటే తప్పు సర్వర్‌ది కాదు, రౌటర్‌లో క్యూ నిండిపోతోంది. లాన్ వైరు వేసి, రౌటర్‌లో అప్‌లోడ్ వేగాన్ని అసలుదానికన్నా పదో వంతు తగ్గించి పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

హెడ్‌ఫోన్‌లో కూడా ఒకటి: వాలరెంట్ సెట్టింగ్స్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ (శబ్దం ఏ దిక్కు నుంచో తెలిపే పద్ధతి) ఆన్ చేస్తే, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లోనూ విండోస్‌లోనూ ఉన్న 7.1 సరౌండ్ ఆపెయ్యాలి. రెండూ కలిస్తే అడుగుల చప్పుడు ఎటునుంచో తేలదు.

గోదారి_గన్నర్

డిస్క్ కన్వర్ట్ శనివారం పెట్టుకుంటాను. ఈ వారం సీఎస్ 16:9లో. ఒక్క సందేహం: నచ్చక వెనక్కి వచ్చేస్తే సెక్యూర్ బూట్ మళ్లీ ఆపాలా? వ్యాన్‌గార్డ్ దానంతటదే పోతుందా?

బూట్‌లోడర్

సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంచండి, సీఎస్‌కు దానివల్ల ఇబ్బంది లేదు, ఫేసిట్‌కు ఎలాగూ కావాలి. వెనక్కి రావడం కొత్తేమీ కాదు. నైట్రో అనే ప్రొ ఆటగాడు 2020లో సీఎస్ నుంచి వాలరెంట్‌కు వెళ్లి 2022లో టీమ్ లిక్విడ్ సీఎస్ జట్టుకు తిరిగొచ్చాడు.

వ్యాన్‌గార్డ్ మాత్రం గేమ్‌తోపాటు పోదు. వాలరెంట్ తీసేశాక ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో రయట్ వ్యాన్‌గార్డ్ అని విడిగా ఉంటుంది, దాన్ని వేరే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చెయ్యండి. ముందు ట్రేలో ఎగ్జిట్ కొట్టి తీస్తే ఫైలు వాడుకలో ఉందన్న ఎర్రర్ రాదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ కూడా అదే పీసీలో ఉంటే తీయకండి, 2024 నుంచి దానికీ వ్యాన్‌గార్డ్ కావాలి.